రష్యాలో పుట్టిన జర్మన్లు: ముందు ఊరి పేరు పట్టుకోండి

మీ ప్రశ్నలు – మా జవాబులు: వంశ చరిత్ర

ప్రశ్న: మా అమ్మాయి అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రం లింకన్‌లో ఉంటోంది. అల్లుడు అక్కడివాడే. మా వియ్యపురాలి పుట్టింటివాళ్లు జర్మన్లు. ఇంట్లో పెద్దవాళ్లు జర్మనే మాట్లాడేవారట, బైబిల్ కూడా జర్మన్‌లోనే ఉంది. కానీ ఆవిడ తాతగారి కాగితాల్లో పుట్టిన దేశం రష్యా అని రాసి ఉంది. ఇదెలా? మనవరాలి కోసం రెండు వైపులా వంశవృక్షం రాస్తున్నాను. మా వైపు ఏడు తరాలు వచ్చాయి. అటు మూడో తరం దగ్గరే ఆగిపోయాను. బొబ్బిలిలో కూర్చుని ఎంతవరకు వెతకగలను?
– విశ్రాంత ఉపాధ్యాయురాలు, బొబ్బిలి

జవాబు: కాగితంలో తప్పేమీ లేదు. మీ వియ్యపురాలి పూర్వీకులు రష్యాలో స్థిరపడిన జర్మన్ వలస రైతులు అయ్యుంటారు. రష్యాను ఏలిన రెండో కేథరిన్ 1763 జూలై 22న ఒక ప్రకటన వెలువరించింది. బీడు భూములు సాగు చేయడానికి వచ్చే విదేశీయులకు మత స్వేచ్ఛ, సైన్యంలో చేరక్కర్లేదన్న హామీ, 30 ఏళ్ల పన్ను మినహాయింపు, వడ్డీ లేని అప్పు ఇస్తామంది. ఏడేళ్ల యుద్ధం అప్పుడే ముగిసి జర్మన్ పల్లెలు చితికిపోయి ఉన్నాయి. 1764–67 మధ్య సుమారు 30 వేల మంది, ముఖ్యంగా హెస్సెన్ ప్రాంతం నుంచి, లూబెక్ రేవులో ఓడ ఎక్కారు. సెయింట్ పీటర్స్‌బర్గ్ దగ్గరి ఒరానియన్‌బౌమ్‌లో రాణికి విధేయత ప్రమాణం చేసి, నదుల మీదుగా, మధ్యలో చలికాలం రష్యన్ రైతుల ఇళ్లలో గడిపి, వోల్గా నది మీద సరాతోవ్ చేరారు. వేలమంది దారిలోనే పోయారు. మిగిలినవాళ్లు వోల్గాకు రెండు వైపులా 104 ఊళ్లు కట్టుకున్నారు. ఈ 104నూ మాతృ గ్రామాలంటారు.

వందేళ్ల తర్వాత ఆ హామీలు పోయాయి. 1871లో వలస రైతులకున్న ప్రత్యేక హోదా రద్దయింది, 1874లో సైనిక సేవ తప్పనిసరి అయింది. దానికి తోడు భూమి కరువు. వోల్గా ఊళ్లలో భూమి ఊరుమ్మడిది, మగవాళ్ల లెక్కన పంచుకునేవారు. జనం పెరిగేకొద్దీ తలసరి వాటా తగ్గిపోయింది. ఆ దశలో నెబ్రాస్కా, కాన్సాస్, డకోటాలు, అర్జెంటీనా, బ్రెజిల్ వైపు కదిలారు. లింకన్ పట్టణంలో స్థిరపడినవాళ్లలో నోర్కా, బాల్జర్, ఫ్రాంక్ అనే వోల్గా ఊళ్ల కుటుంబాలు చాలా ఉన్నాయి.

అయినా లింకన్ అనగానే వోల్గా అని ఖాయం చేసుకోకండి. రష్యాలో జర్మన్లున్న చోటు అదొక్కటే కాదు. 1804 నుంచి ఒడెస్సా చుట్టుపక్కల నల్లసముద్రం ఒడ్డున, 1814 నుంచి బెస్సరేబియాలో (ఇప్పటి మోల్దోవా ప్రాంతం) వేరే వలసలు జరిగాయి. వాళ్లు ఎక్కువగా వుర్టెంబర్గ్, బాడెన్, ఆల్సాస్, పోలండ్ వైపు నుంచి వచ్చినవాళ్లు. వాళ్ల రికార్డులు వేరు, దొరికే చోట్లు వేరు. ఊరి పేరు తెలియకుండా వెతికితే ఏ దారిలో పడ్డామో కూడా తెలియదు. ఇంటిపేరు పట్టుకుని నేరుగా జర్మనీకి వెళ్లిపోవడమే ఈ పనిలో ఎక్కువమంది చేసే పొరపాటు. ష్నైడర్, మ్యూలర్, వెబర్ లాంటి ఇంటిపేర్లు జర్మనీలో ప్రతి ఊళ్లోనూ ఉంటాయి. పేరు కలిసింది కదా అని అతికించేస్తే వంశవృక్షం మొత్తం వేరే ఇంటివాళ్లదై కూర్చుంటుంది. రష్యాలో వాళ్ల ఊరేదో తేలేదాకా అమెరికా రికార్డులు దాటవద్దు.

మొదట ఇంట్లో ఉన్నవి చూడమనండి. ఆ జర్మన్ బైబిల్ మొదటి, చివరి అట్టల లోపలి పేజీలు, చర్చిలో కన్ఫర్మేషన్ (యౌవనంలో విశ్వాసం ధ్రువపరిచే క్రతువు) అయినప్పుడు ఇచ్చిన పత్రం, పాత ఉత్తరాల కవర్లు, ఫొటోల వెనకాల స్టూడియో ముద్ర. ఫొటో మీద సరాతోవ్ స్టూడియో పేరుంటే వోల్గా వైపు బలమైన ఆధారం. ప్రతిదానికీ రెండు వైపులా ఫొటో తీసి పంపమని మీ అమ్మాయికి చెప్పండి. జర్మన్ చేతిరాత చదవలేకపోయినా పరవాలేదు, చదివేవాళ్లు తర్వాత దొరుకుతారు.

తర్వాత అమెరికా జనగణన. ఫ్యామిలీసెర్చ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా ఖాతా తెరిస్తే బొబ్బిలి నుంచే చూడవచ్చు. 1900 గణనలో వలస వచ్చిన సంవత్సరం ఉంటుంది. 1910, 1920 గణనల్లో పుట్టిన దేశంతో పాటు మాతృభాష కూడా రాశారు. రష్యా పక్కన జర్మన్ అని కనిపిస్తే మన ఊహ నిజమైనట్టు. 1890 గణన చాలావరకు 1921 అగ్నిప్రమాదం వల్ల పోయింది, దాని కోసం సమయం పాడుచేసుకోకండి. 72 ఏళ్లు నిండాకే గణన పత్రాలు బయటపెడతారు కాబట్టి ఇప్పటికి 1950దే ఆఖరు. అయితే జనగణనలో ఊరి పేరు రాదు. దానితో తేల్చుకోవలసింది వలస ఏడాది, ఇంట్లోవాళ్ల పేర్లు, వయసులు. వాటితో మిగతావి తెరుచుకుంటాయి.

ఊరి పేరు దొరికే చోట్లు మా అనుభవంలో ఈ క్రమంలో ఉంటాయి. అన్నిటికంటే ముందు ఆ కుటుంబం వెళ్లిన జర్మన్ చర్చి రిజిస్టరు. పెళ్లి, ఖననం నమోదుల్లో పాస్టరు ఊరి పేరుతో సహా రాసేవాడు. రెండోది జర్మన్ పత్రికల్లో మరణ వార్త. లింకన్‌లో వెలువడిన డీ వెల్ట్‌పోస్ట్ లాంటి పత్రికల్లో చనిపోయినవాళ్ల పుట్టిన ఊరు, పిల్లలు, ఏ ఏడాది వచ్చారో అన్నీ ఉండేవి. మూడోది పౌరసత్వ కాగితాలు. 1906 సెప్టెంబర్ 27 తర్వాతివైతే పుట్టిన ఊరు, ఓడ పేరు, దిగిన తేదీ ఉంటాయి. అంతకు ముందువాటిలో చాలాసార్లు రష్యా చక్రవర్తికి విధేయత వదులుకుంటున్నాను అన్న ఒక్క వాక్యమే కనిపిస్తుంది. ఆడవాళ్ల పేరు మీద విడిగా వెతకకండి. 1922 దాకా పెళ్లైన స్త్రీకి భర్త పౌరసత్వమే వచ్చేది. నాలుగోది ఓడ జాబితాలు. 1907 నుంచి వాటిలో స్వదేశంలో ఉన్న దగ్గరి బంధువు పేరు, చిరునామా అడిగేవారు. ఓడ ఎక్కిన రేవు హాంబర్గ్ అయితే అక్కడి జాబితాలు 1850 నుంచి 1934 వరకు ఉన్నాయి. బ్రెమెన్ అయితే పాతవి చాలావరకు నాశనమయ్యాయి, అమెరికాలో దిగిన వైపు జాబితాయే దిక్కు.

తాతగారి కాగితాల్లో ఏమీ దొరక్కపోతే ఆయన అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, బావమరుదుల కాగితాలు చూడండి. వీళ్లు ఒక ఊరివాళ్లంతా కలిసి ఒకే చోటుకి వచ్చేవారు, ఒకే చర్చికి వెళ్లేవారు. తాతగారి పెళ్లిలో సాక్షి సంతకం చేసినతని ఊరు, తాతగారి ఊరు ఒకటే అయ్యే అవకాశం చాలా ఎక్కువ.

ఇంతవరకు బొబ్బిలిలోనే అయిపోతుంది. చర్చి రిజిస్టరు ఒక్కటీ మీ అమ్మాయి స్వయంగా వెళ్లి అడగాలి. లింకన్‌లోనే రష్యా జర్మన్ల చరిత్ర కోసం 1968లో ఏర్పడిన సంఘం, దాని గ్రంథాలయం ఉన్నాయి. ఊళ్ల వారీగా వంశావళులు, మరణ వార్తల కత్తిరింపులు అక్కడ దాచారు. అమ్మాయి ఉన్న ఊళ్లోనే ఇంత పెద్ద గని ఉండటం మీ అదృష్టం.

ప్రశ్న: ఇంటి నుంచే ఒక అమెరికన్ కుటుంబానికి రికార్డులు వెతికిపెడుతున్నాను. ముత్తాత నోర్కాలో పుట్టినట్టు తేలింది. అక్కడి నుంచి మూడు చిక్కులు వచ్చాయి. ఒకే పుట్టిన రోజుకి రెండు తేదీలు కనిపిస్తున్నాయి. ఒకే ఊళ్లో ఒకే పేరుతో ముగ్గురు యోహానెస్‌లున్నారు. రష్యన్ జాబితాలో అసలు ఇంటిపేరే కనిపించడం లేదు. ఇక్కడి నుంచి 1767 దాకా ఎలా వెళ్లాలి?
– డిగ్రీ విద్యార్థి, శ్రీకాకుళం

జవాబు: మీకు ఊరు దొరికింది కాబట్టి మిగతాది ఓపిక మీద ఆధారపడిన పని.

తేదీల సంగతి: రష్యా 1918 దాకా జూలియన్ క్యాలెండర్ వాడింది. మన క్యాలెండర్‌కీ దానికీ 18వ శతాబ్దంలో 11 రోజులు, 19వ శతాబ్దంలో 12, 20వ శతాబ్దంలో 13 రోజులు తేడా. 1885లో పుట్టినతనికి రెండు తేదీల మధ్య సరిగ్గా 12 రోజుల తేడా ఉంటే అవి రెండూ ఒకటే. కొంతమంది అమెరికా వచ్చాక అలవాటుగా 13 కలిపేశారు, అందుకే ఒక్కరోజు తేడాలు కూడా వస్తుంటాయి. మీ పట్టికలో తేదీని ఉన్నది ఉన్నట్టు రాసి పక్కన పాత లెక్కో కొత్త లెక్కో గుర్తు పెట్టండి. మీరే మార్చి రాసేస్తే తర్వాత ఎవరు ఏది మార్చారో తెలియదు.

ఇంటిపేరు సంగతి: రష్యన్ లిపిలో హ శబ్దానికి అక్షరం లేదు, దాని బదులు గ వాడతారు. హాఫ్‌మన్‌ని గోఫ్మన్ కింద, హెర్గెర్ట్‌ని గెర్గెర్ట్ కింద వెతకండి. పైగా హెస్సెన్ యాసలో బ–ప, ద–ట, గ–క కలిసిపోతాయి. రాసిన గుమాస్తా విన్నది విన్నట్టు రాశాడు. అందుకని ఒక్కో ఇంటిపేరుకి ఐదారు రూపాలు ముందే కాగితం మీద రాసి పెట్టుకుని అన్నిటితోనూ వెతకాలి. ఊళ్లకీ రెండేసి పేర్లు: 1768లో ప్రభుత్వం రష్యన్ పేర్లు పెట్టింది. బాల్జర్ రష్యన్ కాగితాల్లో గోలీ కరమీష్ అవుతుంది.

ముగ్గురు యోహానెస్‌ల సంగతి కాస్త జాగ్రత్తగా చూడాలి. జర్మన్ రైతుల్లో మొదటి పేరు తరచూ యోహాన్ లేక అన్నా అయ్యేది, పిలిచేది రెండో పేరుతో. యోహాన్ గియోర్గ్ ఒక కాగితంలో యోహాన్‌గా, ఇంకో కాగితంలో గియోర్గ్‌గా కనిపిస్తాడు. కాబట్టి పేరుతో కాదు, భార్య పేరు, పిల్లల వరస, వయసులు, ఇంటి సంఖ్య కలిపి మనిషిని గుర్తుపట్టండి. ఈ నాలుగింటిలో కనీసం మూడు సరిపోనిదే ఇద్దరినీ ఒక్కరని రాయకండి.

ఇక వెనక్కి నడిచే మెట్లు. రష్యా ప్రభుత్వం పన్ను కోసం తీసిన ఇంటింటి లెక్కల్ని రెవిజన్ జాబితాలంటారు. వోల్గా ఊళ్లకు వాడుకలో ఉన్నవి 1767, 1775, 1798, 1811, 1816, 1834, 1850, 1857. 1857 నుంచి వెనక్కి ఒక్కో మెట్టే దిగండి. ఎడమ పేజీలో మగవాళ్లు ఉంటారు: పోయిన లెక్కలో వయసు, మధ్యలో చనిపోయాడా వేరే ఊరు వెళ్లాడా, ఇప్పటి వయసు. కుడి పేజీలో ఆడవాళ్లకు ఇప్పటి వయసు మాత్రమే. ఈ రెండు వయసుల గడి ఉండటం వల్ల ఒక జాబితా నుంచి పాత జాబితాకి వంతెన పడుతుంది. ఉదాహరణకు 1834 జాబితాలో పోయిన లెక్కనాటికి 9 ఏళ్లు అని ఉన్న మనిషి 1816 జాబితాలో తండ్రి కింద 9 ఏళ్ల పిల్లాడుగా కనిపించాలి. కనిపించకపోతే మీరు తప్పు ఇంట్లో ఉన్నారు. 1811 లెక్కలో మగవాళ్లే ఉన్నారు, దానిలో అమ్మాయిలు లేరని కంగారుపడకండి. 1798 జాబితా మాత్రం బంగారం: భార్యల పుట్టింటి పేరు, ఏ ఊరి నుంచి కోడలుగా వచ్చిందో కూడా రాశారు. ఆడవాళ్ల వైపు వంశం అక్కడే తెరుచుకుంటుంది.

మధ్యలో ఒక్క ఉచ్చు ఉంది. పాత ఊళ్లలో భూమి చాలక 19వ శతాబ్దం నడిమి నుంచి తూర్పు మైదానం వైపు కొత్త ఊళ్లు కట్టుకున్నారు. ముత్తాత పుట్టినది అలాంటి పిల్ల గ్రామమైతే 1834 జాబితాలో ఆ ఊరే ఉండదు. అప్పుడు ఆ ఊరికి జనం ఏయే మాతృ గ్రామాల నుంచి వచ్చారో చూసి అక్కడ వెతకాలి. మీది నోర్కా, 1767 నాటి మాతృ గ్రామమే, ఈ బెడద లేదు.

1767 జాబితాలో ఇంటి యజమాని పేరు, వయసు, మతశాఖ, వృత్తి, జర్మనీలో ఏ ప్రాంతం, ఊరికి చేరిన తేదీ, ప్రభుత్వం ఇచ్చిన గుర్రాలు, ఆవులు, సామాను దాకా ఉన్నాయి. ఇగోర్ ప్లేవే అనే సరాతోవ్ చరిత్రకారుడు వీటిని జర్మన్‌లో అచ్చువేయించాడు. 1766లో ఒరానియన్‌బౌమ్‌లో దిగినవాళ్ల జాబితా వేరే ఉంది, ఇవాన్ కుల్‌బెర్గ్ అనే అధికారి రాసింది. రెండూ పోల్చి చూడండి. దిగినప్పుడు ఆరుగురున్న కుటుంబం ఊరు చేరేసరికి నలుగురే కావచ్చు; విధవ వేరే ఇంట్లో భార్యగా, పిల్లలు సవతి తండ్రి ఇంటిపేరు కింద కనిపించవచ్చు. చాలామంది పరిశోధన ఈ ఒక్క ఏడాది దగ్గరే తెగిపోయేది ఇందుకే.

జర్మనీ వైపు: 1767 జాబితాలో ఇసెన్‌బర్గ్ అని ఉంటే అది ఊరు కాదు, సంస్థానం. మన దగ్గర బొబ్బిలి జమీ అన్నట్టు. ఆ సంస్థానంలోని ఊళ్లన్నిటి చర్చి పుస్తకాలూ వెతకాలి. తొందరగా దారి దొరికేది బ్యూడింగెన్ పట్టణ చర్చి పుస్తకంలో. ప్రయాణానికి ముందు 1766లో అక్కడ వందల జంటలు పెళ్లి చేసుకున్నాయి, వధూవరుల సొంత ఊళ్లు ఆ నమోదుల్లో ఉన్నాయి. ప్రొటెస్టెంట్ చర్చి పుస్తకాలకు ఆర్కియోన్ అనే వెబ్‌సైట్, అది డబ్బు కట్టి చూడాలి. కాథలిక్ పుస్తకాలు చాలావరకు మాట్రికులా అనే వెబ్‌సైట్‌లో ఉచితం. జర్మనీ అంతటా ప్రభుత్వ జనన మరణ నమోదు మొదలైంది 1876లో, అందువల్ల మీ కాలానికి చర్చి పుస్తకం తప్ప గతి లేదు. వలస పోయేవాడు దొర దగ్గర విడుదల పత్రం తీసుకుని రుసుము కట్టాల్సి వచ్చేది, ఆ కాగితాలు డార్మ్‌స్టట్, మార్బుర్గ్ ప్రభుత్వ ఆర్కైవ్‌లలో చూడవచ్చు. చెప్పకుండా పారిపోయినవాళ్లకు అవి ఉండవు.

రష్యా వైపు అసలు ప్రతులు సరాతోవ్‌లోనూ, నది అవతలి ఎంగెల్స్ పట్టణంలోని వోల్గా జర్మన్ల ఆర్కైవ్‌లోనూ ఉన్నాయి. ఉత్తరం రష్యన్‌లోనే రాయాలి. 2022 మార్చి నుంచి బయటి దేశాల వీసా, మాస్టర్‌కార్డ్‌లు రష్యాలో చెల్లడం లేదు, కాబట్టి రుసుము ఎలా కట్టాలో ముందే అడిగాక పని ఒప్పుకోండి. మీ అమెరికన్ కుటుంబానికి గడువు చెప్పేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి.

అక్కడే ఉండిపోయిన శాఖ గురించి అడిగితే: 1941 ఆగస్టు 28 నాటి ఆదేశంతో వోల్గా జర్మన్లందరినీ సైబీరియాకు, కజకిస్తాన్‌కు తరలించారు. ఆ తర్వాతి తరాలను వోల్గా ఊళ్లలో వెతికి లాభం లేదు. నల్లసముద్రం వైపు జర్మన్లకు మాత్రం ఇంకో దారి ఉంది. యుద్ధ కాలంలో జర్మనీ వాళ్లకు పౌరసత్వమిస్తూ తాతల దాకా వంశ వివరాలు రాయించుకుంది. ఆ ఫైళ్లు బెర్లిన్‌లో, వాటి మైక్రోఫిల్మ్‌లు అమెరికా జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి.

ప్రశ్న: సాలూరు, పార్వతీపురం వైపు పనిచేసిన జర్మన్ మిషనరీలూ ఈ వలస కుటుంబాలవాళ్లేనా? వాళ్ల వంశం కూడా ఇలాగే వెతకాలా?
– పాఠకుడు, విజయనగరం

జవాబు: కాదు. వాళ్లు జర్మనీ ఉత్తర కొసన ష్లెస్విగ్–హోల్‌స్టయిన్‌లోని బ్రెక్లుమ్ నుంచి వచ్చారు. పాస్టర్ క్రిస్టియన్ యెన్సెన్ 1876లో అక్కడ మిషన్ స్థాపించాడు, 1880ల మొదట్లో దాని మిషనరీలు జయపురం, సాలూరు వైపు వచ్చారు. రష్యాతో సంబంధం లేదు కాబట్టి రెవిజన్ జాబితాలు పనికిరావు. ష్లెస్విగ్–హోల్‌స్టయిన్ 1864 దాకా డెన్మార్క్ రాజు కింద ఉంది. అందువల్ల 1803, 1835, 1840, 1845, 1855, 1860 నాటి డెన్మార్క్ కాలపు జనగణనలు ఉన్నాయి, ఇంటింటి పేర్లతో. ప్రష్యాలో కలిశాక 1874 అక్టోబర్ నుంచి ప్రభుత్వ జనన నమోదు. మిషన్ సమాధుల మీద పుట్టిన ఊరు, తేదీ చెక్కి ఉంటాయి. ఎండ ఏటవాలుగా పడే ఉదయం వేళ ఫొటో తీస్తే అరిగిన అక్షరాలు కూడా తెలుస్తాయి. సుద్దముక్క రుద్దవద్దు, వైరు బ్రష్ అసలు వద్దు, రాయి పాడవుతుంది.

ప్రశ్న: డీఎన్ఏ పరీక్ష చేయిస్తే ఇంత శ్రమ తప్పుతుందా?
– పాఠకురాలు, రాజాం

జవాబు: తప్పదు. పరీక్షలో జర్మన్ శాతం వస్తుంది, అది వోల్గా జర్మనో హెస్సెన్ జర్మనో చెప్పదు. ఉపయోగపడేది సరిపోలిన బంధువుల జాబితా. వోల్గా ఊళ్లలో వందేళ్లు అదే నాలుగు ఊళ్ల మధ్య పెళ్లిళ్లు జరగడంతో ఐదో తరం బంధువు కూడా మూడో తరం దగ్గరివాడిలా కనిపిస్తాడు. కాగితం ఆధారం లేకుండా ఆ దగ్గరితనాన్ని నమ్మకండి. చేయిస్తే పిల్లలకు కాదు, ఇంట్లో అందరికంటే పెద్దవాళ్లకు చేయించండి. ఒక్కో తరానికి వారసత్వం సగమవుతుంది.

ప్రశ్న: మా ముత్తాత అన్నగారు నాటాల్ (దక్షిణాఫ్రికా) చెరుకు తోటలకి వెళ్లారని ఇంట్లో అంటారు. ఈ జర్మన్ల పద్ధతి మనవాళ్లకి పనికొస్తుందా?
– రైతు, సోంపేట

జవాబు: నాటాల్ అయితే బాగా పనికొస్తుంది. 1860 నవంబర్ 16న మద్రాసు నుంచి ట్రూరో ఓడ డర్బన్ చేరింది మొదలు 1911 దాకా 1,52,184 మంది కూలి ఒప్పందం మీద వెళ్లారు. ప్రతి మనిషికీ ఒక సంఖ్య, ఆ సంఖ్య పక్కన పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీద పుట్టుమచ్చలు కూడా రాశారు. జర్మన్లకు 1767 జాబితా ఎంతో మనకు ఈ ఓడ జాబితాలు అంత. ఇంటిపేరు మాత్రం సాధారణంగా ఉండదు, కాబట్టి తండ్రి పేరు, ఊరు, ఉజ్జాయింపు వయసు ముందు తేల్చుకోండి.

మీవాళ్ల కోసం విశాఖపట్నం జిల్లా కింద వెతకవద్దు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడేదాకా సోంపేట, టెక్కలి, శ్రీకాకుళం అన్నీ గంజాం జిల్లాలోవి. పాలకొండ మాత్రం అప్పటికే విశాఖపట్నం జిల్లా. శ్రీకాకుళం పేరు చికకోల్ అని ఉంటుంది. గుమాస్తా తెలుగు ఊరి పేర్లను మద్రాసులో విని ఇంగ్లీషులో రాశాడు, పైన చెప్పినట్టు ఐదారు రూపాలు రాసుకునే వెతకాలి.

ఇక్కడి వైపు రుజువుకి భూమి రికార్డు అడుగుతారు. జమీందారీ గ్రామమైతే రైతు పేరు మీద ప్రభుత్వ రికార్డు సాధారణంగా 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాతి సెటిల్‌మెంట్‌తోనే మొదలవుతుంది. అంతకు ముందుకి ఇనాం భూములుంటే ఇనాం రిజిస్టర్లు, రిజిస్ట్రారు ఆఫీసులో పాత దస్తావేజులు, మీవాళ్లు గయ వెళ్లి ఉంటే అక్కడి పండాల పుస్తకాలు చూడండి. ఆయన వెళ్లింది నాటాల్ కాదు రంగూన్ అని తేలితే ఇలాంటి జాబితా మీద ఆశ పెట్టుకోకండి. 1937 దాకా బర్మా మన దేశంలో భాగమే, వెళ్లినవాళ్లు ఒప్పందం కూలీలు కాదు, మేస్త్రీల వెంట మామూలు ప్రయాణికులుగా పోయినవాళ్లు. అప్పుడు ఇంట్లో మిగిలిన మనియార్డరు రసీదులు, కార్డుల మీది తపాలా ముద్రలతో మొదలుపెట్టండి.